చిన్న ముల్లు ఊరుకోదు

'మూడుంబావుకు గడియారం ముళ్ల మధ్య కోణమెంత?' బిట్టు చూడగానే అభ్యర్థి ముఖం వెలిగిపోతుంది. చిన్న ముల్లు మూడు మీద, పెద్ద ముల్లూ మూడు మీదే. ఇంకేముంది, సున్నా! ఆప్షన్లలో మొట్టమొదట ఉన్నదీ సున్నానే. పేపరు తయారుచేసిన మహానుభావుడు దాన్నక్కడ ఊరికే పెట్టలేదు. రైల్వే పరీక్షైతే ఆ ఒక్క నొక్కుకు మూడో వంతు మార్కు కోత.

పెద్దది పావు చుట్టు తిరిగే లోపు చిన్నది చేతులు ముడుచుకుని కూర్చోదు. నిమిషానికి అర డిగ్రీ చొప్పున పాకుతూనే ఉంటుంది. 15 నిమిషాలకు ఏడున్నర డిగ్రీలు, అదే జవాబు. ఏలినాటి శనిదీ అదే అంకె కాబట్టి, ఒకసారి దెబ్బతిన్నవాడు జన్మలో మరిచిపోడు.

కొందరు రఫ్ షీటు మీద గడియారమే గీస్తారు. అది తొలి అట్టులా వంకరపోతుంది, కోణం కళ్లతో కొలవాలి. ఆ తిప్పలకన్నా గంటల్ని 30తో, నిమిషాల్ని ఐదున్నరతో గుణించి, వచ్చినవాటిలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం నయం. నిమిషానికి పెద్ద ముల్లు 6 డిగ్రీలు నడుస్తుంది, చిన్నది అర. తేడాయే ఆ ఐదున్నర.

సూత్రం బట్టీపట్టినవాడు మాత్రం క్షేమమా? 10:10కి 300లోంచి 55 తీస్తే 245. ఆప్షన్లలో 245 నవ్వుతూ కనిపిస్తుంది, టక్కున నొక్కేస్తాడు. 180 దాటితే 360లోంచి తీసేసి 115 పెట్టాలన్న సంగతి హాలు బయట మెట్లు దిగుతుంటే గుర్తొస్తుంది. నాలుగైదు గంటల మధ్య ముళ్లు ఎప్పుడు కలుస్తాయంటే 4:20 అనేవాళ్లకూ కొదవలేదు. ఆ ఇరవై నిమిషాల్లో చిన్నది పది డిగ్రీలు జారుకుంటుంది. 120ని ఐదున్నరతో భాగిస్తే 21 నిమిషాలూ, పైన నిమిషంలో 11 భాగాల్లో 9. 12 గంటల్లో లంబకోణాలు గంటకు రెండేసి లెక్కన 24 అనుకుంటారు. సరిగ్గా 3కీ 9కీ వచ్చేవాటిని ముందు గంటలోనూ వెనక గంటలోనూ లెక్కెయ్యడంతో వచ్చిన దొంగ లెక్క అది. ఉన్నవి 22.

ఇక సూత్రాన్ని ఇంటి గోడ గడియారం మీద పరీక్షించే శాస్త్రజ్ఞులు వేరు. సాయంత్రం ఆరింటికి కోణమానిని పెడితే 180 రావాలి, 170 వస్తుంది! సూత్రం తప్పు కాదు. సెల్లు మార్చేటప్పుడు గడియారం కిందపడి ఉంటుంది. చిన్న ముల్లు ఇరుసుకు బిగించి తొడిగిందే, దెబ్బకు పక్కకు జారుతుంది. పది డిగ్రీలంటే దాని లెక్కలో ఇరవై నిమిషాలు. అద్దం తీసి, వెనక మర తిప్పి పెద్ద ముల్లును 12 మీదికి తెచ్చి, చిన్నదాన్ని మొదట్లో పట్టుకుని అంకె మీదికి మెల్లగా జరిపితే సరి.

కుర్చీ ఎక్కి ఈ పనిలో ఉండగా, దీపం పెట్టాలని అమ్మ లోపల్నుంచి కేకేస్తుంది: "ఆరయిందిరా?"

"పది తక్కువమ్మా!"

ఆవిడ వెళ్లి మళ్లీ సీరియల్ ముందు కూర్చుంటుంది.