ఉప్పు కాస్త తగ్గించండి

గుంటూరు నగరంలోని యువ విశ్వాసుల మేలు కోరి, సంఘ పెద్దల వరుసలో చాలాకాలంగా కూర్చుంటున్నవాడిగా, ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. వేసవి సెలవులు వచ్చాయంటే అరండల్‌పేట నుంచి పట్టాభిపురం దాకా యూత్ సదస్సుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటి మీద ముఖ్య ప్రసంగీకుల ఫొటో నిలువెత్తునా, దాని కింద కమిటీ పెద్దలమైన మా ఫొటోలు పాస్‌పోర్టు సైజులో వరుసగానూ, అన్నిటికన్నా అడుగున మూలవాక్యమూ ఉంటాయి. ఆ మూలవాక్యం చాలాసార్లు పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలోనిదే: "నీ యౌవనమునుబట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము." ఫ్లెక్సీలో చోటు చాలక మేము అక్కడితో ఆపుతాం గాని, వచనం అక్కడ ఆగదు. మాటలోను, ప్రవర్తనలోను, ప్రేమలోను, విశ్వాసములోను, పవిత్రతలోను విశ్వాసులకు మాదిరిగా ఉండుమని అందులోనే ఉంది. అంటే ఇరవై ఏళ్ళ కుర్రవాడు అరవై దాటిన మాకు మాదిరిగా ఉండాలన్నమాట. ఈ రెండో సగం ఫ్లెక్సీ ఎక్కకపోవడానికి చోటు చాలకపోవడం ఒక్కటే కారణం కాదని చదువరులు ఈపాటికి గ్రహించే ఉంటారు.

నేను యువత భక్తికి వ్యతిరేకిని కాను. భక్తి ఉండాలి, కనిపించాలి, వినిపించాలి కూడా. సౌండ్ బాక్సులకు అంత అద్దె కడుతున్నది అందుకే కదా! షామియానా వేయించడం, కుర్చీలు దించడం, కీబోర్డు వాయించడం, సభను యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడం, డిసెంబరు చలిలో క్యారల్స్‌కు ఇల్లిల్లూ తిరిగి గొంతు పోగొట్టుకోవడం, తెల్లారేసరికి సూర్యోదయం బొమ్మ మీద వాగ్దాన వచనాన్ని స్టేటస్‌గా పెట్టడం, ఇవన్నీ యౌవనకాలపు భక్తికి మేము ఏనాడో గీసిన హద్దులు. ఈ హద్దుల్లో ఉన్నంతకాలం మా ఆశీస్సులకు లోటు లేదు. చిక్కల్లా ఈమధ్య కొందరు పిల్లలు ప్రసంగాలను చివరిదాకా మెలకువగా ఉండి వినడం వల్ల వస్తున్నది. విన్నవాళ్ళు విన్నట్టు ఊరుకోకుండా, ఇంటికి వెళ్ళి ఆ ప్రకారం చేస్తున్నారు. మీరు లోకమునకు ఉప్పయి యున్నారని ప్రభువు చెప్పిన మాట నిజమే. అయితే మా కమిటీలో సగం మందికి బీపీ ఉన్న సంగతిని యువత దయచేసి గుర్తుంచుకోవాలి.

మొన్నటి సదస్సు లెక్కల సంగతే తీసుకోండి. ముగింపు ప్రార్థన అయిన వారానికి కమిటీ కూర్చుంది. యూత్ తరఫున డబ్బు చూసే బీటెక్ మూడో సంవత్సరం కుర్రవాడు సౌండ్ బిల్లును బల్లమీద పెట్టి, దాని పక్కన తన ఫోన్ పెట్టి, "అంకుల్, అవే బాక్సులకు, అన్ని రోజులకే, అదే దుకాణంవాళ్ళు నాకు ఫోన్లో చెప్పిన ధర ఇది. మన బిల్లులో దాదాపు రెట్టింపు ఉంది, ఎందుకండీ?" అని అడిగాడు. అడిగిన తీరులో అమర్యాద ఏ కోశానా లేదు, మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది కూడా అదే. అమర్యాదగా అడిగి ఉంటే పిల్లల పెంపకం గురించి ఒక అరగంట మాట్లాడుకుని, టీ తాగి లేచేవాళ్ళం. ఆ దుకాణం మాలో ఒకరి బావమరిదిగారిదని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఎవరి వంకా చూడలేదు. చివరకు ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకుంటూ, "బాబూ, ఈ విషయం ప్రార్థనలో పెడదాం" అన్నారు. మా సంఘంలో ప్రార్థనలో పెట్టిన లెక్కను మళ్ళీ బయటికి తీసిన దాఖలా లేదు. ఆ కుర్రవాడికి ఈ సంప్రదాయం తెలియదనుకుంటాను. అక్కడికక్కడే కళ్ళు మూసుకుని, క్లుప్తంగా ప్రార్థించి, ఆమేన్ అని కళ్ళు తెరిచి, "ఇప్పుడు చెప్పండి అంకుల్" అన్నాడు. బిల్లులో ఎక్కువగా వేసిన డబ్బు నెల తిరిగేలోగా కానుకల ఖాతాకు తిరిగి వచ్చిందన్న మాట వాస్తవమే గాని, ఆ నెలంతా ఆ బావమరిదిగారి ఇంట్లో అన్నం సహించలేదన్న మాటను కూడా చరిత్రలో నమోదు చేయాలి.

ఆదివారం ఉదయమే పరీక్షలు పెట్టే జూనియర్ కాలేజీల విషయంలో మా వైఖరి మొదటినుంచీ స్పష్టంగానే ఉంది. విశ్రాంతి దినమును పరిశుద్ధముగా ఆచరించాలి, ఈఏపీసెట్ ముగిశాక. దానియేలు బబులోనులో రాజుగారి భోజనం వద్దన్నాడని సండే స్కూల్లో పిల్లలచేత ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలు అంటించి మరీ చెప్పించాం గాని, ఆ కథ విన్న పిల్ల పెద్దదై, ప్రిన్సిపాల్ గదికి ఒంటరిగా వెళ్ళి, ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పరీక్ష రాస్తానని అడుగుతుందని మేమెవ్వరమూ అనుకోలేదు. ఆయన సరేనన్నారట. అడిగితే ఒప్పుకుంటారన్న సంగతి బయటపడటంతో ఇన్నేళ్ళుగా అడగని తల్లిదండ్రులందరికీ ఇప్పుడు పెద్ద చిక్కొచ్చి పడింది.

ఇక పెళ్ళిళ్ళ సంగతి. ఇక్కడే యువత హద్దు మీరుతున్నది, ఇక్కడే నేను కాస్త విపులంగా రాయాలి. లక్ష్మీపురంలో ఒక అపార్టుమెంటులో జరిగిన పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా వెళ్ళాను. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, అమ్మాయి తమ్ముడు కాఫీ కప్పుల ట్రే తెచ్చాడు, వాక్యానుసారమైన కుటుంబం గురించి ఇరుపక్షాలూ ఏకాభిప్రాయానికి వచ్చాయి. అప్పుడు అబ్బాయి తల్లిగారు కొంగు సర్దుకుని, "కట్నం మాట మా నోటివెంట రాదు వదినగారూ, అది లోకస్థుల పద్ధతి. మీ అమ్మాయిని మీరు ఆశీర్వాదంగా ఏమిచ్చి పంపుకుంటారో మీ ఇష్టం. మా పెద్దబ్బాయిని తెనాలి వాళ్ళు ఎంత ఘనంగా ఆశీర్వదించారో మీరు వినే ఉంటారు" అన్నారు. ఎక్కడా కట్నం అనే మాట దొర్లకుండా ఎకరాలూ కాసులూ అన్నీ ఆశీర్వాదాలుగా మారిపోయే ఈ నేర్పు మా తరం ఎంతో శ్రమపడి సాధించింది. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టానికి గాని, పరలోకపు లెక్కల పుస్తకానికి గాని అందకుండా ఉండాలంటే ఆ మాత్రం నేర్పు అవసరం.

ఆ సమయంలో అబ్బాయి కప్పు కింద పెట్టి, "నాకు ఏమీ వద్దండి మామయ్యగారూ. పెళ్ళి ఖర్చు కూడా చెరిసగం పెట్టుకుందాం" అన్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. తల్లిగారి సంగతి సరే, అమ్మాయి తండ్రిగారి ముఖం చూడవలసింది. నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "అబ్బాయికి ఒంట్లో బాగానే ఉందా అండీ? ఇదివరకు ఎక్కడైనా నిశ్చితార్థమై తప్పిపోయిందా? హైదరాబాదులో ఉద్యోగం ఉన్న మాట నిజమేనా?" అని అడిగారు. తప్పు ఆయనది కాదు. ధర చెప్పని సరుకును ఆయన తన జీవితంలో ఎన్నడూ కొనలేదు. లోపల తల్లిగారు, "చెల్లెలికి మనం రాసిచ్చిన స్థలం ఎవడు తిరిగిస్తాడురా?" అని కొడుకును నిలదీస్తున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పుచ్చుకున్నవాడు బాగుపడి, ఇచ్చినవాడు నష్టపోయి, ఆ నష్టాన్ని కొడుకు పెళ్ళిలో పూడ్చుకునే ఈ గొలుసును ఎవడో ఒకడు తెంచాలని మేమూ పల్పిట్ మీద చెబుతాం. తెంచేవాడు పక్కింటివాడైతే బాగుంటుందన్నదే మా కోరిక. పెళ్ళి జరిగింది. తనకు నచ్చింది ఆ ఒక్క మాటేనని అమ్మాయి చెప్పింది గనుక జరిగింది.

కట్నం కనీసం మాట మార్చుకుని వస్తుంది, కులానికి ఆ మొహమాటం కూడా లేదు. క్రీస్తునందు యూదుడని గ్రీసుదేశస్థుడని లేదని గలతీ పత్రికలో చదువుతాం, ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరుస్తాం, ఆపైన సంబంధాల కాగితంలో మాత్రం రక్షణానుభవం గల, ప్రార్థనాపరురాలైన, ఫలానా కులానికే చెందిన వధువు కావలెనని రాయిస్తాం. గుంటూరు జిల్లాలోని మా కులాల పేర్లు గలతీయులకు తెలియవు గనుక పౌలుగారు వాటిని ప్రస్తావించలేదనీ, కాబట్టి అవి ఆ వచనం కిందికి రావనీ మా వాదన. ఈ వాదనలో బలం ఎంతో, వచనాన్ని మొత్తం చదివిన మా క్వయరు పిల్లలు ఇద్దరు రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి తేల్చేశారు.

ఒక్క విషయంలో మాత్రం యువతను మందలించడానికి నాకు నోరు రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ అది వర్తించింది, క్రైస్తవులకు వర్తించలేదు. దళిత కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని మన రాష్ట్రంలో బీసీ-సీలో చేర్చి, 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఊళ్ళో వాళ్ళను చూసే చూపు మాత్రం బాప్తిస్మంతో మారలేదు. అందువల్ల బళ్ళో ఒక పేరు, గుళ్ళో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక మతం, ఆదివారం ఒక మతం, ఇలా రెండు జీవితాలను మోస్తున్న పిల్లలు మనలో ఎందరో ఉన్నారు. గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి, అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్న వాక్యం చూపించి, దరఖాస్తులో తాను ఏమని రాయాలని అయ్యగారిని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి ప్రార్థన చేశారు. ఈసారి అది మాట దాటవేసే ప్రార్థన కాదు, ఆయనకు నిజంగానే జవాబు తెలియలేదు. ఆ పిల్ల చివరకు ఉన్నది ఉన్నట్టు రాసింది. దాని వెల ఎంతో అంకెల్లో లెక్కగట్టి చెప్పగలదు, గణితం చదివిన పిల్ల. చట్టం వాళ్ళను ఆ ఇరుకులో పెడితే, ఏ వెలా చెల్లించనక్కరలేని మాలాంటివాళ్ళం ముందు వరుసలో కూర్చుని నిజాయతీ మీద ప్రసంగాలకు తలలూపుతున్నాం.

పెద్దల మాట వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన ఊళ్ళోనే నిదర్శనం ఉంది. అన్నా శారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ భారతదేశంలో వైద్యసేవ చేస్తానంటే, వైద్యపు పని చేపట్టడానికి తాము సిద్ధంగా లేమని అక్కడి మిషన్ బోర్డు వారు చెప్పారు. కమిటీలు సముద్రానికి అవతలా ఇలాగే ఉంటాయని ఇందుమూలంగా తెలుస్తున్నది. పరదా చాటు స్త్రీలకు చదువు చెప్పే పని మీద పంపితే ఆమె 1883లో, 27 ఏళ్ళ వయసులో, గుంటూరు వచ్చింది. వచ్చి పాఠాలతో సరిపెట్టుకోక వైద్యమూ చేసింది. బోర్డు వారు రెండేళ్ళకు ఆమెను వైద్య మిషనరీగా నియమించవలసి వచ్చింది. 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది, 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూసింది. ఆమె బోర్డు గీసిన హద్దుల్లో ఉండి ఉంటే, కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టిన మా కమిటీ సభ్యులు కొందరు ఎక్కడ పుట్టేవారో ఆలోచించదగిన విషయమే. ప్రతి సదస్సులోనూ ఆమె పేరు చెప్పి చప్పట్లు కొట్టిస్తాం గాని, మా పిల్లల్లో ఎవరూ ఆమెలా తయారు కాకూడదన్న జాగ్రత్తలో మాత్రం ఉంటాం.

ఇదంతా రాయడానికి తక్షణ కారణం పోయిన డిసెంబరులో, అసలు పండుగకు ముందుగా జరిగిన సెమీ క్రిస్మస్ వేడుక. రాజకీయ అతిథి ఒకరు వస్తున్నారంటే వేదిక ఎదుట, మొదటి వరుసకు ముందు, తెల్లటి టర్కీ టవలు పరిచిన సోఫా వేయడం మా ఆనవాయితీ. ఆ సాయంత్రం అతిథి ఆలస్యం చేశారు. ఈలోగా మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్ళే ఒక ముసలమ్మ, పని ముగించుకుని తిన్నగా వచ్చి, వెనక నిలబడింది. ఘాటుకు మండే చేతులను చీర చెంగులో చుట్టుకుని ఉంది. యూత్ పిల్లలు ఆమెను నడిపించుకుంటూ వచ్చి సోఫాలో కూర్చోబెట్టారు. నేను పరుగున వెళ్ళి, అది ఎవరి స్థలమో తెలుసా అని అడిగాను. బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవాణ్ణి మంచి స్థలంలో కూర్చోమనీ, దరిద్రుణ్ణి అక్కడ నిలబడమనీ అనకూడదని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉందనీ, పోయిన నెల యూత్ మీటింగులో ఆ భాగం నేర్పింది మీరేననీ ఒక పిల్ల నెమ్మదిగా చెప్పింది. నేర్పినమాట నిజమే. గ్రీకుపదాల అర్థాలతో సహా నేర్పాను.

అతిథి వచ్చేసరికి సోఫాలో సగం ఖాళీగా ఉంది. ఆయన మావంక ఒకసారి చూసి, చేసేది లేక కూర్చున్నారు. ముసలమ్మ ఆయనను ఎగాదిగా చూసి, "ఎవరబ్బాయివి నాయనా?" అని అడిగింది. ఆయనేదో చెప్పారు. తర్వాత ఆరాధన ముగిసేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, మా స్వాగతోపన్యాసాన్ని ఆయన విన్న జాడ లేదు. మిర్చి యార్డులో రోజుకు ఎంత కూలి ఇస్తారని మాత్రం వెళ్ళేటప్పుడు నన్ను అడిగారు. నాకు తెలియదు.

కమిటీ మర్నాడే అత్యవసరంగా కూర్చుని, ఇకముందు సోఫాలో ఎవరు కూర్చోవాలో కమిటీయే నిర్ణయిస్తుందని తీర్మానించింది. యూత్ పిల్లలు తీర్మానాన్ని గౌరవంగా విని, అలాగైతే ఆ సోఫాను మోసుకొచ్చే బాధ్యత కూడా కమిటీ తీసుకుంటే బాగుంటుందని మనవి చేశారు. అది పాతకాలపు టేకు సోఫా, మోయడానికి నలుగురు కావాలి. మేము ఎనిమిది మందిమి ఉన్నాం గాని, నడుము బెల్టు లేనివాడు ఒక్కడూ లేడు.