మా అంబాసిడర్‌కి హ్యాండ్‌బ్రేకు మా బావమరిది

మా ఇంట్లో 1977 నాటి అంబాసిడర్ మార్క్ 3 ఉంది. మా నాన్నగారు కొన్నది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, అంటే చక్రంలో ఉండే డబ్బా లోపలి గోడని షూలనే పట్టీలు ఒత్తి ఆపే పాత రకం. ఆయన బ్రేకు తొక్కాక బండి ఆగేలోపు ‘సింహాద్రి అప్పన్నా’ అని నిదానంగా ఒకసారి అనుకునేంత వ్యవధి దొరికేది. మా ఇంట్లో భక్తి నిలిచింది ఆ డ్రమ్ముల వల్లేనని నా నమ్మకం.

అలాంటి బండికి వెనక చక్రాలకి డిస్క్ బ్రేకులు వేయించాను, అంటే చక్రంతో తిరిగే బిళ్లని రెండు పక్కలా ప్యాడ్లు పట్టి ఆపేవి. ముందువాటికి కాదు, వెనకవాటికి మాత్రమే. గిట్టనివాళ్లు దీన్ని తొందరపాటు అంటున్నారు కనక నా వాదన కూడా నలుగురికీ తెలియాలి.

ఆటోనగర్ మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. “ఏటి సార్, బ్రేకు కొడితే బరువంతా ముందుకి తోసుకొస్తాది గదా! ఆపే పని సగానికి పైన ముందు చక్రాలదే. ఆటిని వొగ్గేసి ఎనకాలకి ఏయమంటారేటి?” అన్నాడు. భౌతికశాస్త్రం వరకూ అతను చెప్పింది నిజమే. మా విశాఖ ఎంవీపీ కాలనీ శాస్త్రం అతనికి తెలీదు. మా పోర్టికోలో బండి మూతి గోడకేసి ఉంటుంది. వీధిన పోయేవాళ్లకి కనబడేవి వెనక చక్రాలే. ముందు చక్రాలకి డిస్కులు వేయిస్తే చూసి ఆనందించేది బల్లులు.

ఇనప చక్రం వెనక డిస్కు కనబడదని తేలడంతో అల్లాయ్ చక్రాలు కొనాల్సొచ్చింది. బ్రేకుల కన్నా వాటికే ఎక్కువైంది. కొత్త టెక్నాలజీ అని ఇంట్లో చెప్పాను. మా అమ్మాయి ఫోన్లో చూసి, లాంచెస్టర్ అనే ఇంగ్లిషాయన డిస్క్ బ్రేకుకి 1902లోనే పేటెంటు తీసుకున్నాడనీ, డిస్కులేసుకున్న జాగ్వార్ కారు 1953లోనే లె మాన్ కార్ల పందెం గెలిచిందనీ వివరించింది. పిల్లలకి ఫోన్లు ఇవ్వకూడదు.

ప్యాడ్లని డిస్కుకేసి నొక్కే క్యాలిపర్లు స్క్రాపు కొట్టులో దొరికాయి. ఏదో కారు ముందు చక్రాలవి. ముందువి కాబట్టి ప్యాడ్లని తోసే పిస్టన్ పెద్దది, నొక్కుడూ ఎక్కువ. ముందువి కాబట్టే హ్యాండ్‌బ్రేకు తీగ తగిలించే ఏర్పాటు లేదు. ఈ రెండు సంగతులూ మేస్త్రీ చెప్పాడట. అప్పుడు నేను ఫొటోలు తీస్తున్నాను.

మొదటి రోజు మద్దిలపాలెం దాటేసరికి ఏదో మాడిన వాసన. ఎవరింట్లోనో పోపు మాడిందంది మా ఆవిడ. మాడింది మా ప్యాడ్లు. బ్రేకు తొక్కితే గొట్టాల్లోకి ఆయిలు తోసేది మాస్టర్ సిలిండర్. డ్రమ్ముల కోసం చేసినదాంట్లో చిన్న వాల్వు ఉంటుంది. బ్రేకు మీంచి కాలు తీసేసినా గొట్టంలో కాస్త ఒత్తిడి మిగుల్చుతుంది. డ్రమ్ములోనైతే షూలని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి. డిస్కుకి అలాంటి స్ప్రింగు లేదు. పట్టిన పట్టు వదల్లేదు, మా పెద్దత్తలాగ. వాల్వు పీకించాను.

రెండో వారం బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే చోటు నుంచి భీమిలి బయల్దేరాం. బీచ్ రోడ్డు మీద ఇసుక. కుక్క అడ్డొచ్చింది, బ్రేకు తొక్కాను. పెద్ద పిస్టన్ తన ప్రతాపం చూపించింది. ముందు డ్రమ్ములు ఇంకా ఆలోచిస్తూ ఉండగానే వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. కళ్లు తెరిచేసరికి ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ. భీమిలి పోయేవాడికి అది వీపు వెనక ఉండాలి. కుక్క క్షేమం. పాత బ్రేకులతో ఆగేవాళ్లమే గానీ, ఇల్లు ఎటో అటు తిరిగి ఆగే సౌకర్యం ఉండేది కాదు.

సముద్రపు గాలికి రెండ్రోజులు బండి కదపకపోతే డిస్కుల మీద పసుపు పూసినట్టు తుప్పు. డ్రమ్ముకీ పడుతుంది గానీ లోపల పడుతుంది, పరువు గల సంసారాల్లో లాగ. మా బండి నెలకి రెండుసార్లు కదిలితే గొప్ప.

పసుపంటే గుర్తొచ్చింది. కొత్త బ్రేకులకి పూజ చేయిద్దామని ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్లాం. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పంతులుగారు మంత్రం మొదలెట్టారు. రోడ్డు ఆ చోట కాస్త వాలుగా ఉందని మాకు అప్పుడే తెలిసింది. మంత్రం సగంలో ఉండగానే నిమ్మకాయలు నలిగాయి. మా బావమరిది పరిగెత్తి రాయి అడ్డం పెట్టాడు.

ఆ రోజు నుంచీ మా బండి హ్యాండ్‌బ్రేకు అతనే. బండి ఆపడం నా బాధ్యత, ఆగిన బండి ఆగినట్టు ఉండటం అతని బాధ్యత. సింహాచలం ఘాట్ రోడ్డు మీద ట్రాఫిక్ నిలిచిపోయిన ప్రతిసారీ “దిగు రా” అంటాను, “దిగా బావా” అంటాడు, రాయి చప్పుడు వినిపిస్తుంది. ఇంత నమ్మకమైన వ్యవస్థ ఏ కంపెనీ ఇస్తుంది?

బండికి యాభై ఏళ్లు నిండగానే పాతకాలపు బళ్లకిచ్చే వింటేజ్ నంబరుకి పెడతాను. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 20,000 రూపాయలు, బండిని రోజూ తిప్పకూడదు. రెండోది మేం ముందునుంచే పాటిస్తున్నాం. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకూడదన్నారు. బావమరిది ఊసెత్తలేదు.

ఒక్కటే చిక్కు. అతనికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్లిపోతున్నాడు. చురుగ్గా దిగగలిగిన, వంగగలిగిన కుర్రాడు ఎవరైనా ఉంటే చెప్పండి. జీతం ఉండదు, అప్పన్న దర్శనం ఉంటుంది. రాయి మేమే ఇస్తాం.