మూడు మిల్లీమీటర్లు కోసేస్తే చట్టబద్ధమే

.35 రెమింగ్టన్ అనే తూటా 1906 నుంచీ ఉంది. అమెరికాలో తాతల కాలం నుంచి జింకల వేటకు వాడుతున్నదే. దాని ఇత్తడి గొట్టం పొడవు 1.92 అంగుళాలు. ఇండియానా రాష్ట్రంలో కొన్నేళ్ల పాటు ఆ తూటాతో జింకను కొడితే నేరం. అదే గొట్టాన్ని మూతి దగ్గర మూడు మిల్లీమీటర్లు కోసి 1.8 అంగుళాలకు తెచ్చి, రైఫిల్‌ను ఆ కొలతకు తయారు చేయించుకుంటే మాత్రం దర్జాగా వేటకు వెళ్లొచ్చు. బుల్లెట్ అదే, లోపలి మందు ఇంచుమించు అంతే, జింక కూడా అదే.

మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం వల్ల జింక జోలికెళితే పడే కేసు వేరు. అక్కడ కొలిచే ‘కేస్’ వేరు. తూటాలో మందు నింపే ఇత్తడి గొట్టాన్ని కేస్ అంటారు. ముందు నుంచి ఎగిరిపోయేది బుల్లెట్, వెనక అడుగున నిప్పు రాజేసేది ప్రైమర్. మాటల్లో మనం అన్నిటినీ కలిపి బుల్లెట్ అనేస్తాం గానీ ఇక్కడ గొడవంతా ఆ గొట్టం పొడవు మీదే.

ఇండియానాలో ఎక్కువ భాగం చదును నేల, మొక్కజొన్న పొలాలు, మధ్యమధ్యలో ఇళ్లు. రైఫిల్ గుండు గురి తప్పితే ఎక్కడో దూరాన తేలుతుందన్న భయంతో అక్కడ తుపాకులతో జింకల వేటంటే షాట్‌గన్లు, మూతి నుంచి మందు కూరే తుపాకులు, పిస్టళ్లే. 2007లో కాస్త సడలించి, పిస్టల్ తూటాలు పేల్చే రైఫిళ్లను రానిచ్చారు. ఏది పిస్టల్ తూటా అన్నది తేల్చడానికి కొలతలు పెట్టారు. బుల్లెట్ వ్యాసం కనీసం 0.357 అంగుళం, కేస్ పొడవు 1.16కు తగ్గకూడదు, 1.625కు మించకూడదు. ఈ అంకెలు ఎక్కడివో ఊహించడం కష్టం కాదు. పోలీసుల పాత .38 స్పెషల్ కేస్ 1.155 అంగుళాలు, అంటే వెంట్రుకవాసిలో బయట పడింది. భారీ రివాల్వర్ తూటా .500 స్మిత్ అండ్ వెసన్ సరిగ్గా 1.625, అది లోపలికొచ్చింది. తర్వాత గరిష్ఠ పొడవును 1.8కి పెంచారు. .460 స్మిత్ అండ్ వెసన్ పొడవు కూడా సరిగ్గా అంతే.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉండనే ఉంటాడు. చట్టం పొడవు కొలిచింది, లావు కొలవలేదు. 2003లో వించెస్టర్ కంపెనీ డబ్ల్యూఎస్‌ఎస్‌ఎం (వించెస్టర్ సూపర్ షార్ట్ మాగ్నమ్) పేరుతో పొట్టిగా, బొద్దుగా ఉండే రైఫిల్ తూటాలు తెచ్చింది. మామూలు రైఫిల్ తూటా .308 కేస్ అడుగు వ్యాసం 0.47 అంగుళం ఉంటే వీటిది 0.555. పొడవు 1.67 మాత్రమే. ఇండియానా వేటగాళ్ల చేతిలో పడితే ఊరుకుంటారా? మూతి కొంచెం కోసి 1.625కు దించి, దాని మెడను 0.358 బుల్లెట్ పట్టేలా వెడల్పు చేశారు. చూడ్డానికి పొట్టి, చట్టానికి పిస్టల్ తూటా, పేలిస్తే నిఖార్సైన రైఫిల్. ఇలా కంపెనీ అచ్చులో లేకుండా సొంతంగా తయారు చేసుకునే తూటాలను అక్కడ ‘వైల్డ్‌క్యాట్’లంటారు. ఇండియానా వాళ్లను హూజియర్లంటారు కాబట్టి ఒకదానికి .358 హూజియర్ అని పేరే పెట్టుకున్నారు.

దీన్ని మోసం అనడం నాకు ఇష్టం లేదు. ఆ పనిలో ఉన్న ఓపిక చూడాలి. ఒక్కో కేస్‌ను ట్రిమ్మర్‌లో బిగించి కొద్దికొద్దిగా తీయాలి, కాలిపర్‌తో కొలవాలి, మూతి అంచుల్ని లోపలా బయటా నునుపు చేయాలి. ఇంకో తిరకాసు ఉంది. తూటా పేలిన ప్రతిసారీ ఇత్తడి కొంచెం సాగుతుంది. నిన్న 1.625 ఉన్నది నాలుగైదు సార్లు పేల్చి మళ్లీ మందు నింపేసరికి గీత దాటొచ్చు. అంటే వేటగాడు ఏ తప్పూ చేయకుండానే అతని సంచిలోని తూటా తప్పు చేసేస్తుంది! అందుకే తెలిసినవాళ్లు ముందే ఇంకాస్త పొట్టిగా కోసుకుంటారు.

ఈ ఆట కొత్తదేం కాదు, దీని పాత చరిత్ర మన గడ్డ మీదే ఉంది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం భారత్‌లోకి .450 బోర్ (గొట్టం లోపలి వ్యాసం 0.450 అంగుళం) తుపాకులు రాకుండా నిషేధం పెట్టింది. తిరుగుబాటుదారుల దగ్గరున్న పాత మార్టినీ హెన్రీ రైఫిళ్లకు ఆ తూటాలు చేరతాయేమోనని భయం. పులుల వేటకు వచ్చే దొరల గిరాకీ పోగొట్టుకోవడం లండన్ తుపాకీ కంపెనీలకు ఇష్టమా? .465, .470, .475 అంటూ వరసపెట్టి కొత్త కొలతలు దించేశాయి. నిషేధం తర్వాత ఎప్పుడో ఎత్తేశారు గానీ, .470 నైట్రో ఎక్స్‌ప్రెస్‌ను ఇప్పటికీ ఏనుగు తుపాకీ అని తలుచుకుంటారు.

అమెరికాలోనే మరో రాష్ట్రం మిషిగన్ 2014లో తన నియమాన్ని కొంచెం తెలివిగా రాసుకుంది. రాష్ట్రం దక్షిణ భాగంలో రైఫిళ్లను అనుమతిస్తూ, 0.35 అంగుళం ఆపైన, 1.16 నుంచి 1.8 పొడవు అన్న అంకెలకు తోడు, కేస్ గోడలు తిన్నగా ఉండాలని చేర్చింది. సీసా మెడలాంటి ఇండియానా వైల్డ్‌క్యాట్లు దాంతో ఆగిపోయాయి. అయితే ఈసారి గీత పక్కనే ఇల్లు కట్టుకున్నది వేటగాడు కాదు, కంపెనీ. 2019లో వించెస్టర్ .350 లెజెండ్ తెచ్చింది, 1.71 అంగుళాలు. 2023లో రెమింగ్టన్ పాత .30-30 కేస్‌ను పొట్టి చేసి .360 బక్‌హామర్ దించింది. పొడవెంతో తెలుసా, సరిగ్గా 1.80. గ్యారేజీలో చేసుకున్న పని ఫ్యాక్టరీకెక్కింది.

ఇంతకీ పొడవు తగ్గిస్తే ఊళ్లకు భద్రత పెరిగిందా? పెన్సిల్వేనియా చట్టసభ కమిటీ కోసం 2007లో చేసిన అధ్యయనం చదివితే ఆ నమ్మకం సడలుతుంది. తుపాకీని నేలకు సమాంతరంగా పేలిస్తే, షాట్‌గన్ గుండు నేలకు తగిలి ఎగిరి చివరికి రైఫిల్ గుండు కంటే కొంచెం దూరమే పోతుందని అందులో తేలింది. పైకి ఎత్తి కాల్చినప్పుడే రైఫిల్ గుండు బాగా ముందుంటుంది. అలాంటప్పుడు వేటగాడు చెట్టు మీది మంచె నుంచి కిందికి కాల్చడం కొలత కంటే పెద్ద రక్షణ. దాన్ని కాలిపర్‌తో కొలవలేం, అదే చిక్కు. అడవిలో అధికారి జేబులోని పరికరంతో నిమిషంలో తేల్చుకోగల నియమం కావాలి. పొడవుకున్న ఒకే ఒక్క గుణం అది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇండియానా మాత్రం 2016లో ప్రైవేటు భూముల్లో .308, .30-06 లాంటి అసలు రైఫిల్ తూటాలకే తలుపు తీసింది. వెంట పది తూటాలకు మించి ఉండకూడదని షరతు పెట్టింది. అన్నేళ్లు కోసిన ఇత్తడంతా ఏం చేసుకున్నారో మరి.

నన్ను ఎక్కువగా నవ్వించేది .45-70 సంగతి. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా అది. గోడలు తిన్నగానే ఉంటాయి. పాత లెక్కన దాని బుల్లెట్ వేగం సెకనుకు 1,350 అడుగుల చుట్టూ. కానీ కేస్ పొడవు 2.105 కావడంతో మిషిగన్ గీత బయట పడింది. సెకనుకు 2,200 అడుగులతో దూసుకెళ్లే .450 బుష్‌మాస్టర్ 1.70 పొడవుతో లోపలికొచ్చేసింది.