నాలుగు కిలోల బిడ్డ, ఇంట్లో కాన్పు: ముందు అడగాల్సింది బరువు గురించి కాదు

మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంటుంది. ఇప్పుడు రెండో కాన్పు, ముప్పై ఎనిమిది వారాలు నిండాయి. ఈసారి ఇంట్లోనే కనాలని మొదటి నుంచీ అనుకుంటోంది. అక్కడ అదేమీ వింత కోరిక కాదు. ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నుంచి మిడ్‌వైఫ్‌లు ఇంటికి వచ్చి కాన్పు చేస్తారు. మొదటి బాబు ఆసుపత్రిలో మామూలుగానే పుట్టాడు, 3.8 కిలోలు. పోయిన వారం స్కానింగ్‌లో ఈ బిడ్డ అప్పుడే నాలుగు కిలోలు ఉండొచ్చని చెప్పారు. ఆ రాత్రే ఫోన్ చేసింది. "అక్కా, ఇంట్లో కనడం మానేయమంటావా?"

తెనాలిలో ఉన్న అమ్మకు ఈ సంగతి తెలిసి టెన్షన్ పడింది. "మా అమ్మ ఏడుగురిని ఇంట్లోనే కన్నది. ఐదుగురమే మిగిలాం" అని ఒక్క మాట అని ఊరుకుంది.

ఆరోగ్య వార్తలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందని చెల్లెలి నమ్మకం. లేదు. నాలుగు రోజులు కూర్చుని చదివాక కూడా అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పే జవాబు దొరకలేదు. కానీ ఒక విషయం మాత్రం గట్టిగా అర్థమైంది. బిడ్డ ఎన్ని కిలోలు అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతున్నంతసేపూ అసలు ప్రశ్నలు పక్కకు పోతున్నాయి.

ముందు ఆ నాలుగు కిలోల సంగతే చూద్దాం. కడుపులో ఉన్న బిడ్డను ఎవరూ తూకం వేయలేరు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచి, వాటిని ఒక లెక్కలో వేసి బరువు అంచనా కడతారు. ఈ అంచనాలో కనీసం పది శాతం తేడా ఉంటుందని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ మార్గదర్శకాలే చెబుతాయి. అంటే మా చెల్లెలి బిడ్డ 3.6 కిలోలైనా కావచ్చు, 4.4 అయినా కావచ్చు. మొదటిది వాళ్ల బాబు కన్నా తక్కువ బరువు. రెండోది నిజంగానే పెద్ద బిడ్డ. రిపోర్టులో మాత్రం ఒకటే అంకె కనిపిస్తుంది. ఆ అంకె చూసిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ నిద్ర పట్టదు.

అలాగని పెద్ద బిడ్డ భయం ఉత్తదే అనడం తప్పు. భయపడాల్సిన విషయం ఒకటి ఉంది. తల బయటికి వచ్చేస్తుంది, భుజం మాత్రం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుంటుంది. బొడ్డుతాడు నొక్కుకుపోతుంది, ఛాతీ ఇంకా లోపలే ఉంటుంది కాబట్టి బిడ్డ ఊపిరి తీసుకోలేదు. చేతిలో ఉండేవి నిమిషాలే. ఇలా చనిపోయిన పిల్లల వివరాలను బ్రిటన్‌లో పరిశీలించినప్పుడు, దాదాపు సగం మంది తల బయటికి వచ్చిన ఐదు నిమిషాల లోపే పోయారని తేలింది. బతికిన బిడ్డల్లో కొందరికి మెడ దగ్గరి నరాలు సాగి చెయ్యి పడిపోతుంది. చాలామందికి తర్వాత బాగవుతుంది, కొందరికి జీవితాంతం ఉండిపోతుంది.

ఇది మొత్తం కాన్పుల్లో వెయ్యికి ఆరేడింటిలో జరుగుతుంది. బిడ్డ బరువు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. కానీ ఇందులో సగానికి దగ్గరగా నాలుగు కిలోల లోపు పిల్లల కాన్పుల్లోనే జరుగుతాయి. కాబట్టి "బిడ్డ చిన్నదేలే" అని ధీమాగా ఉండటానికి లేదు, "బిడ్డ పెద్దది, ఇరుక్కుంటుంది" అని ముందే తేల్చేయడానికీ లేదు. ఎక్కడ కన్నా, ఎంత బరువున్నా, ఆ నిమిషంలో ఏం చేయాలో తెలిసిన చేతులు గదిలో ఉండాలి.

ఆ చేతులు చేసే పని ఏమిటో కూడా చెబుతాను. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి రెండు మోకాళ్లూ పొట్ట వైపు బాగా మడుస్తారు. దీంతో కటి కోణం మారి చాలాసార్లు భుజం వదులుతుంది. వదలకపోతే ఒకరు పొత్తికడుపు మీద, కటి ఎముకకు కాస్త పైన, పక్క నుంచి నొక్కుతారు. అప్పటికీ కాకపోతే లోపలికి చెయ్యి పెట్టి బిడ్డ వెనక చేతిని ముందు బయటికి తీస్తారు. తల్లిని చేతులూ మోకాళ్ల మీద ఉంచే పద్ధతి ఇంకొకటి ఉంది. అమెరికాలోని ఒక మిడ్‌వైఫ్ గ్వాటెమాలా మంత్రసానుల నుంచి నేర్చుకుంటే, ఇప్పుడది వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది. ఇవన్నీ ఒక్కరు చేసే పనులు కావు. ఒకరు నొక్కాలి, ఒకరు బిడ్డను పట్టుకోవాలి, ఒకరు టైమ్ చూడాలి, పుట్టిన వెంటనే బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించడానికి ఇంకొకరు సిద్ధంగా ఉండాలి. ఆసుపత్రిలో గంట కొడితే అర నిమిషంలో గది నిండిపోతుంది. ఇంట్లో ఉండేది ఇద్దరు మిడ్‌వైఫ్‌లు. వాళ్లకు ఎంత నైపుణ్యం ఉన్నా వాళ్లు ఇద్దరే. ఇంటి కాన్పు గురించి నేను చదివినవాటన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇదే.

ఇక షుగర్. మన ఆడవాళ్లు దీని దగ్గర ఒక క్షణం ఆగాలి. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. దాంతో బిడ్డ తన ఇన్సులిన్‌ను తనే ఎక్కువగా తయారు చేసుకుంటుంది, కొవ్వు పడుతుంది. ఆ కొవ్వు భుజాల దగ్గర, ఒంటి మీద ఎక్కువగా చేరుతుంది. అందుకే ఒకే నాలుగు కిలోలైనా, షుగర్ ఉన్న తల్లి బిడ్డకు తల కన్నా భుజాలు వెడల్పుగా ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో 1996లో వేసిన ఒక లెక్క ఈ తేడాను బాగా చూపిస్తుంది. అంచనా బరువు నాలుగున్నర కిలోలు దాటిందని సిజేరియన్ చేస్తూ పోతే, ఒక్క బిడ్డకు శాశ్వత నరాల దెబ్బ తప్పించడానికి షుగర్ లేని తల్లుల్లో 3,695 ఆపరేషన్లు కావాలి. షుగర్ ఉన్నవాళ్లలో 443 చాలు. బరువు అదే అయినా తల్లిని బట్టి లెక్క అంతగా మారిపోతుంది.

దక్షిణాసియా ఆడవాళ్లకు గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. ఇంగ్లండ్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా, గుంటూరులో ఉన్నా ఇంతే. మన దేశంలో గ్లూకోజు 75 గ్రాములు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే షుగర్ ఉన్నట్టు. మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలి. "ఇద్దరి తిండి తినాలి" అని సున్నుండలు, మామిడిపళ్లు పెట్టే ఇళ్లలో ఈ పరీక్షను దాటేయడం చూశాను. బిడ్డ పెద్దదని తొమ్మిదో నెలలో కంగారు పడేవాళ్లు ఆరో నెలలో ఈ పరీక్ష అయిందో లేదో గుర్తు చేసుకోవాలి. ఇంగ్లండ్‌లో గర్భిణికి షుగర్ తేలితే డాక్టర్లు ఉండే ప్రసూతి వార్డులోనే కనమని సలహా ఇస్తారు. వెనకటి కాన్పులో భుజం ఇరుక్కుని ఉన్నా అంతే. షుగర్ లేకుండా బిడ్డ పెద్దదన్న అనుమానం మాత్రమే ఉంటే, ఎక్కడ కనాలన్నది ఆ తల్లి పరిస్థితిని బట్టి విడిగా మాట్లాడుకుని తేల్చుకోమంటారు. మా చెల్లెలికి షుగర్ లేదు. ఆమె ఈ మూడో గుంపులో ఉంది.

పెద్ద బిడ్డ సంగతి వస్తే బ్రిటన్‌లో అందరికీ గుర్తొచ్చే కేసు ఒకటుంది. నాడీన్ మాంట్‌గోమరీ అనే ఆవిడ స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 1999లో బిడ్డను కన్నారు. ఆవిడది చిన్న శరీరం, ఎత్తు ఐదడుగులు దాటి కొంచెం. మధుమేహం ఉంది. బిడ్డ పెద్దగా ఉందేమోనని డాక్టర్‌తో తన ఆందోళన చెప్పుకున్నారు. షుగర్ ఉన్న తల్లికి భుజం ఇరుక్కునే ప్రమాదం నూటికి తొమ్మిది, పది ఉంటుందని డాక్టర్‌కు తెలుసు, కానీ చెప్పలేదు. చెబితే అందరూ సిజేరియనే అడుగుతారని కోర్టులో కారణం చెప్పారు. భుజం ఇరుక్కుంది. తల కనిపించాక బిడ్డ పూర్తిగా బయటికి రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ బాబు సెరిబ్రల్ పాల్సీతో, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని స్థితితో, మిగిలాడు. 2015 మార్చిలో బ్రిటన్ సుప్రీంకోర్టు తల్లి పక్షాన తీర్పు ఇచ్చింది. ఆమె స్థానంలో ఉన్న మనిషి తెలుసుకోవాలనుకునే ప్రమాదాన్ని డాక్టర్ చెప్పి తీరాలంది. 52 లక్షల 50 వేల పౌండ్ల పరిహారం దక్కింది.

అది ఇంట్లో జరిగిన కాన్పు కాదు, ఆసుపత్రిలో జరిగింది. మా చెల్లెలికి ముందుగా చెప్పింది ఈ సంగతే. ఆసుపత్రి గోడలు చాలావరకు కాపాడతాయి. కానీ లోపల ఉన్నవాళ్లు నీకు నిజం అంకెలు చెప్పకపోతే నువ్వు నిర్ణయం తీసుకున్నట్టే కాదు. మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో రోగి అనుమతి గురించి వివరంగా చెప్పింది గానీ, ఎంత చెప్పాలన్నదాన్ని డాక్టర్లు మామూలుగా పాటించే పద్ధతికే వదిలింది. తల్లి ఏం తెలుసుకోవాలనుకుంటుందన్నది కొలమానంగా తీసుకోలేదు. తీసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంటి కాన్పు అంకెలు కూడా ఇంగ్లండ్‌వే ఉన్నాయి. 2011లో ఇంగ్లండ్‌లో ఆరోగ్యంగా ఉన్న 64 వేల మందికి పైగా తల్లులతో చేసిన అధ్యయనంలో రెండో కాన్పు, ఆపై కాన్పుల వాళ్లకు ఇంటికీ ఆసుపత్రికీ బిడ్డ క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తొలికాన్పులో కనపడింది. ఆసుపత్రిలో వెయ్యికి 5.3 మంది బిడ్డలకు ఏదో ఒక తీవ్ర సమస్య వస్తే, ఇంటి కాన్పుల్లో 9.3 మందికి వచ్చింది. ఇంట్లో మొదలుపెట్టి ఆసుపత్రికి తరలించాల్సి వచ్చినవాళ్లు తొలికాన్పులో నూటికి 45 మంది, తర్వాతి కాన్పుల్లో 12 మంది. ఎక్కువ మందిని తరలించింది నొప్పులు ముందుకు సాగకపోవడం వల్ల. అలాంటప్పుడు ఆంబులెన్స్‌లో అరగంట ప్రయాణం పెద్ద ప్రమాదం కాదు. భుజం ఇరుక్కుంటే మాత్రం ఏ ఆంబులెన్సూ అందుకోలేదు.

ముందే నొప్పులు తెప్పించేస్తే సరిపోదా అంటారు. బిడ్డ పెద్దదని అనుమానం ఉన్న దాదాపు 2,900 మందిపై బ్రిటన్‌లో చేసిన ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. 38వ వారంలో నొప్పులు తెప్పించిన గుంపులో భుజం ఇరుక్కున్నది నూటికి 2.3 మందికి, మామూలుగా వదిలేసిన గుంపులో 3.1 మందికి. ఆ తేడా కచ్చితంగా దానివల్లేనని చెప్పేంత పెద్దది కాదు. వదిలేసిన గుంపులో కూడా చాలామందికి ఏదో ఒక కారణంతో ముందే కాన్పు చేశారు కాబట్టి ఆ లెక్క చదవడం ఇంకా కష్టం. అడిగితే కాదనలేని మార్గమే, కానీ అందరికీ తప్పనిసరి అనలేం.

నా అభిప్రాయం చెల్లెలికి దాచకుండా చెప్పాను. ఇది తొలికాన్పైనా, షుగర్ ఉన్నా ఇంట్లో వద్దనే అనేదాన్ని. ఆమెకు ఆ రెండూ లేవు, ఒకసారి 3.8 కిలోల బిడ్డను మామూలుగా కన్న శరీరం ఆమెది. అందుకే ఇంట్లో కంటానంటే అది పిచ్చి ఆలోచన కాదు. అయినా నేనైతే అక్కడి ఆసుపత్రిలోనే ప్రసూతి వార్డు పక్కన ఉండే మిడ్‌వైఫ్ యూనిట్‌కి వెళ్తాను. అక్కడా మిడ్‌వైఫ్‌లే చూస్తారు, నీళ్ల తొట్టి ఉంటుంది, లైట్లు తగ్గిస్తారు, ఎవరూ తొందరపెట్టరు. గంట కొడితే మాత్రం డాక్టర్లు వరండా దాటి వచ్చేస్తారు. ఇంట్లో కోరుకునేవాటిలో చాలావరకు దొరుకుతాయి, మిగతా రెండు జతల చేతులూ దొరుకుతాయి.

"అదే హైదరాబాద్‌లో అయితే?" అని అడిగింది. అక్కడైతే ఇంట్లో వద్దు అన్నాను, ఆలోచించకుండానే. ఇంగ్లండ్‌లో ఇంటి కాన్పు అంటే వెనకాల ఒక పెద్ద ఏర్పాటు ఉంటుంది. శిక్షణ ఉన్న ఇద్దరు మిడ్‌వైఫ్‌లు, వాళ్ల సంచిలో రక్తస్రావం ఆపే ఇంజెక్షన్, బిడ్డకు ఊపిరి అందించే మాస్క్, ముందే సమాచారం ఉన్న ఆసుపత్రి ఉంటాయి. మన దగ్గర ఇంటి కాన్పు అంటే అవేవీ లేకపోవడం. ఏజెన్సీ ఊళ్లలో డోలీలో ఆసుపత్రి దాకా వెళ్లలేక జరిగిపోయే కాన్పు అది. లేదా వీడియోలు చూసి ధైర్యం చేసేవాళ్ల కాన్పు. 2018లో తమిళనాడులోని తిరుప్పూర్‌లో అలాంటి ప్రయత్నంలోనే ఒక యువతి రక్తస్రావంతో చనిపోయింది. 2025లో కేరళలోని మలప్పురంలో ఐదో కాన్పు ఇంట్లో చేసుకున్న తల్లి పోయింది.

మరి మన ఆసుపత్రులు ఎలా ఉన్నాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తంలో 21.5. "బిడ్డ పెద్దగా ఉంది, నార్మల్ కష్టం" అన్న మాట నేను మూడున్నర కిలోల బిడ్డల తల్లుల నోట విన్నాను. వాళ్లలో ఎవరికీ ఆ అంచనాలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పలేదు. ఇలాంటి అనుభవాలే కొందరిని ఆసుపత్రి అంటే భయపడేలా చేసి ఇంటి కాన్పు వీడియోల వైపు తోస్తున్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. అలా నేర్చుకున్నవాళ్లు ప్రతి ఏరియా ఆసుపత్రిలో రాత్రీ పగలూ ఉంటే, నార్మల్ కోరుకునే తల్లికి ఇల్లు ఒక్కటే దిక్కు అనిపించదు. నేను చూడాలనుకుంటున్న మార్పు అది.

చెల్లెలు ఇంకా తేల్చుకోలేదు. గురువారం సీనియర్ మిడ్‌వైఫ్‌తో అపాయింట్‌మెంట్. పోయిన ఏడాది ఇంటి కాన్పుల్లో భుజం ఇరుక్కున్నవి ఎన్ని, అప్పుడు ఏం చేశారు, ఆ రోజు నొప్పులు వచ్చేసరికి ఇద్దరు మిడ్‌వైఫ్‌లు దొరక్కపోతే ఏమవుతుంది అని కాగితం మీద రాసుకుంది. అమ్మ కూడా వీడియో కాల్‌లో ఉంటానంది. ఇంగ్లిష్ రాదు కాబట్టి తన ప్రశ్న నన్ను అడగమంది. ఆంబులెన్స్ వాళ్ల వీధిలోకి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కనుక్కోమంది.