ఇంటిపాము మీద అభియోగపత్రం

మన పల్లెల్లో ఇంటికీ పాముకీ మధ్య తరతరాలుగా నడుస్తున్న ఒప్పందాన్ని పాములు ఏకపక్షంగా ఉల్లంఘిస్తున్నాయన్న సంగతిని ఇక దాచిపెట్టి లాభం లేదు. మన వంతు మనం చేశాం. కార్తీక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నివేదించి, చాలదన్నట్టు పిల్లలకు నాగేశ్వరరావు, నాగమణి, సుబ్బారావు అని పేర్లు పెట్టుకున్నాం. ఇంత మర్యాద పొందిన ప్రాణి ఆ పాలు ముట్టదు సరికదా, పాలు దానికి ఆహారమే కాదట. మనం పోసినదంతా పుట్టను కట్టిన చెదపురుగుల నెత్తిన పడింది. ఆ పుట్టయినా దాని స్వార్జితం కాదన్నది వేరే విషయం.

జెర్రిపోతు మీది అభియోగం మరీ తీవ్రమైనది. అది రాత్రివేళ కొట్టంలో దూరి, ఆవు కాళ్ళకు చుట్టుకుని పొదుగు నుంచి పాలు పీలుస్తుందని అందరికీ తెలుసు. గిన్నెలో పోస్తే తాగని పాము పొదుగు దగ్గర ఎందుకు తాగుతుందని అడగడం పెద్దలను ధిక్కరించడమే. ఆవు పాలు తగ్గిన రోజున ఎవరో ఒక ముద్దాయి ఉండాలి కదా! పైగా అది నాగుపాముతో జత కడుతుందని కూడా నిర్ధారించుకున్నాం. నిజానికి రెండు మగ జెర్రిపోతులు ఆధిపత్యం కోసం పెనవేసుకుని కుస్తీ పడుతుంటే, దాన్ని శృంగారమనుకుని పైన కొత్త గుడ్డ కప్పి, ఆ గుడ్డను తెచ్చి దేవుడి గూట్లో దాచుకున్న భక్తులం మనం. దానికి విషం లేదనీ, గాదె కింద ఎలుకలను తిని ధాన్యం కాపాడుతుందనీ ఎవరైనా సాక్ష్యం చెబితే, తీర్పు అప్పటికే కర్రతో అమలైపోయిందని విన్నవించుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి ఆ కర్రకు తెలియదు. చచ్చింది నాగుపామైతే మాత్రం మనం మర్యాద తప్పం; పాలు పోసి దహనం చేస్తాం.

అసలు భయపడవలసిన కట్లపాము మీద ఇంత పురాణం లేకపోవడం విచిత్రం. అది రాత్రిపూట నేలమీద చాప వేసుకుని పడుకున్నవారిని కాటు వేస్తుంది. నొప్పి అంతగా ఉండదు, వాపూ పెద్దగా కనిపించదు, కాబట్టి మనం నమ్మం. తెల్లవారేసరికి కనురెప్పలు వాలి, ఊపిరి అందని స్థితి వస్తుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందుకు విరుగుడు మందు, ఆస్పత్రి అంటూ ఏవేవో కావాలంటున్నారు. మన దగ్గర ఇంతకంటే చవకైన ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. కాటు తిన్నవాడికి వేపాకు నమిలించి, చేదు తెలిసిందా అని అడిగి, మంత్రం వేయించి, మాట ముద్దగా వచ్చే దాకా ఆగి, అప్పుడు ఆస్పత్రికి తీసుకెళతాం. అందువల్ల చావు ఎప్పుడూ డాక్టరు చేతిలోనే జరుగుతుంది, మంత్రగాడికి ఇంతవరకు ఒక్క చెడ్డపేరూ రాలేదు.