ఎనామెల్ డబ్బాతో వైట్‌వాల్ టైర్లు రావు

పాత అంబాసిడర్, పద్మిని కార్లున్నవాళ్ల మధ్య ఒక సలహా ఫోన్ నుంచి ఫోన్‌కి తెగ తిరుగుతోంది. పక్కభాగంలో తెల్లటి పట్టీ ఉన్న టైర్లనే వైట్‌వాల్ టైర్లంటారు. ఆ సలహా సారాంశం ఇది: "వైట్‌వాల్ టైర్ల కోసం వేలకు వేలు తగలెయ్యక్కర్లేదు. టైరు అసలు రంగు తెలుపే, నలుపు పైపూత. పక్కభాగాన్ని పెట్రోలుతో తుడిచి, శాండ్‌పేపర్‌తో బాగా రుద్ది, ఇంటి గేటుకు వేసే తెల్ల ఎనామెల్ రెండు కోటింగులు వెయ్యండి. టైరు అరిగేదాకా ఉంటుంది. అదీ వద్దనుకుంటే తెల్ల రబ్బరు రింగులు దొరుకుతాయి, ఏ టైరుకైనా పెట్టుకోవచ్చు. తెలుపు ఎంత వెడల్పుంటే అంత పాతకాలం లుక్కు."

పాత బండి మీద మోజున్నవాళ్లు తక్కువ ఖర్చులో దాన్ని అందంగా చూసుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఈ సలహాలో దాదాపు ప్రతి మాటా తప్పే. కొన్నయితే ప్రమాదం కూడా.

మొదట ఆ "అసలు రంగు తెలుపే" సంగతి. ఇందులో నిజం ఒక పిసరంత ఉంది. చెట్టుపాల నుంచి వచ్చే రబ్బరు లేత రంగులోనే ఉంటుంది. మోటారు కార్ల తొలిరోజుల్లో అందులో జింక్ ఆక్సైడ్ కలిపేవారు కాబట్టి టైర్లు తెల్లగానే ఉండేవి. కార్బన్ బ్లాక్, అంటే మెత్తటి మసిపొడి కలిపితే రబ్బరు ఎన్నో రెట్లు గట్టిపడుతుందని, అరుగుదల తగ్గుతుందని తెలిశాక 1910ల నుంచి నల్లటైరు మొదలైంది. నేలకు తగిలే ట్రెడ్డుకే ఆ నల్ల రబ్బరు వాడి పక్కల్ని పాత తెల్ల రబ్బరుతోనే వదిలేసిన టైర్లు వచ్చాయి. వైట్‌వాల్ రూపం పుట్టింది అక్కడే. తర్వాత అమెరికాలో అదే దర్జాకి గుర్తయింది.

ఇప్పటి మామూలు టైరులో ఆ మసిపొడి రబ్బరు ముద్దలోనే కలిసిపోయి ఉంటుంది. ఎంత రుద్దినా కింద కూడా నలుపే. ఫ్యాక్టరీ వైట్‌వాల్ టైరులో మాత్రం తెల్ల రబ్బరు పొర వేరుగా పెట్టి, దానిమీద పల్చటి నల్ల పొర వేసి, టైరు ఉడికాక ఆ నల్ల పొరని యంత్రంతో చెక్కేస్తారు. ఆ తెల్ల పొరే లేని టైరుని శాండ్‌పేపర్‌తో గీకితే పోయేది సైడ్‌వాల్, అంటే టైరు పక్కభాగం, మందమే. అక్కడ రబ్బరు ట్రెడ్డంత మందంగా ఉండదు, దాని వెనకే బరువు మోసే దారాల అల్లిక ఉంటుంది. మరక పోవడానికి స్కాచ్‌బ్రైట్‌తో రుద్దడం వేరు, గీకడం వేరు.

ఇక ఎనామెల్. గేటు కదలదు, టైరు పక్క మాత్రం క్షణం ఊరుకోదు. అంబాసిడర్‌కి వచ్చిన 5.90-15 సైజు టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. అంటే కిలోమీటరుకి దాదాపు 500 చుట్లు. చుట్టు తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనిన చోట సైడ్‌వాల్ ఉబ్బి, పైకి రాగానే మళ్లీ సర్దుకుంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేసరికి ఇలా లక్షా పాతిక వేలసార్లకు పైగా వంగుతుంది. ఆరి గట్టిపడిన ఎనామెల్ అన్ని వంపులకు ఆగదు. అలా రంగు వేసి తిప్పిన టైరుని దగ్గరికెళ్లి చూడండి. ఉబ్బే చోట రిమ్ము చుట్టూ వలయాలుగా సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. గోటితో తడితే పెంకులు లేస్తాయి. లేవని చోట కూడా తెలుపు మిగలదు, చాయరంగు మరకలు తేలతాయి. ఆ మరక బయటి బురద కాదు. ఓజోన్ వల్ల రబ్బరు పగలకుండా కంపెనీవాళ్లు కలిపే రసాయనాలు, మైనం మెల్లగా పైకి ఊరుతూ ఉంటాయి, రంగులోంచి బయటికొచ్చేది అవే. ఫ్యాక్టరీ వైట్‌వాల్‌లో మరక పట్టని రబ్బరు మిశ్రమాలు విడిగా వాడతారు కాబట్టే అది తెల్లగా నిలుస్తుంది.

నాకు ఇంతకంటే భయం వేసే సంగతి ఇంకోటుంది. పాత కార్లు తక్కువ తిరుగుతాయి. ట్రెడ్డు కొత్తగానే ఉండగా టైరు వయసు మీరి పక్కల్లో పగుళ్లు పడుతుంది. వాటిని చూసి పట్టుకోవాల్సిన చోటే మందంగా రంగు పూస్తే రబ్బరు పగులుకీ రంగు పగులుకీ తేడా ఎలా తెలుస్తుంది? తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెలూ సైడ్‌వాల్ మీదే ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. చాలా టైర్లకి అది ఒక పక్కనే ఉంటుంది. దాని మీద రంగు పడితే ఆ టైరు వయసు ఇక ఎవరికీ తెలియదు.

పెట్రోలు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రబ్బరుని ఉబ్బించి, అందులోని నూనెల్నీ ఆ రక్షణ మైనాన్నీ లాగేస్తుంది. పైగా నిప్పు ప్రమాదం.

రబ్బరు రింగులు అబద్ధం కాదు. పోర్టావాల్ అంటారు, టైరుకీ రిమ్ముకీ మధ్య అంచు ఇరుక్కునేలా పెడతారు. లోపలి దారాలు ఏటవాలుగా పోయే పాత పద్ధతి బయాస్ ప్లై టైర్ల కాలంలో పుట్టిన సరుకు అది. ఇప్పటి రేడియల్ టైరు పక్కలు ఎక్కువ ఉబ్బుతాయి. రింగుకీ టైరుకీ మధ్య ఇసుక చేరిందంటే, మన రోడ్ల మీద చేరకుండా ఉండదు, ఆ రాపిడికి సైడ్‌వాల్ కోసుకుపోతుంది. స్పీడు పెరిగితే రింగు అంచు లేచి కొట్టుకుంటుంది. "ఏ టైరుకైనా" అనడం అందుకే తప్పు.

వెడల్పు మాట కూడా అంతే. 1950ల చివర్లోనే అమెరికా కార్లలో తెల్లపట్టీ సన్నబడడం మొదలై, 1960ల మొదట్లో సన్నపట్టీయే మామూలైపోయింది. 1970ల పద్మినికి అరచేయంత తెలుపు పెడితే అది ఆ కాలపు బండిలా ఉండదు.

మరి తక్కువ ఖర్చులో చేయదగ్గది ఏదీ లేదా? ప్రదర్శనకో ఫొటోలకో నిలబెట్టి, ఊళ్లో మెల్లగా తిప్పే బండికైతే ఉంది. ముందు టైరు వయసు, పగుళ్లు చూడండి. గిన్నెలు తోమే సబ్బునీళ్లు, స్కాచ్‌బ్రైట్‌తో కడిగి ఆరనివ్వండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో, గుడ్డకి గోధుమరంగు అంటడం తగ్గేదాకా తుడవండి. టైరు పాలిష్ సిలికాన్ కొంచెం మిగిలినా రంగు పట్టదు. ఆరాక కూడా సాగే, నీళ్లలో కలిసే టైరు పెయింటే వాడండి. పల్చగా, ఒక్కో కోటూ పూర్తిగా ఆరాకే ఇంకోటి. సైడ్‌వాల్ మీద అచ్చు గీతలు గుండ్రంగా ఉంటాయి, వాటినే హద్దుగా పెట్టుకుంటే పట్టీ వంకర పోదు. బయటి పక్కే వెయ్యండి, అంకెలున్న చోటు వదిలేయండి. మధ్యమధ్య టచప్ తప్పదు, అది ముందే అనుకోవాలి.

పెళ్లిళ్లకి కిరాయికిచ్చే బండి, జనాన్ని ఎక్కించుకుని హైవే ఎక్కే బండి అయితే ఈ పనే వద్దు. డబ్బుంటే ఫ్యాక్టరీ వైట్‌వాల్ కొనండి. లేకపోతే మంచి నల్ల టైర్లు వేసి, వీల్ కప్పులకి మెరుగు పెట్టించండి. మన రోడ్ల మీద అంబాసిడర్లు చాలామటుకు తిరిగింది నల్లటైర్లతోనే.