నాలుగో రాయి

ముగ్గురు కలిసి గడప దాటితే మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. పెళ్ళిచూపులకైనా, పొలం బేరానికైనా, ఆఖరికి పరీక్ష ఫీజు కట్టడానికైనా ముగ్గురు వెళ్తే పని చెడుతుందని ఆవిడ సిద్ధాంతం. నాలుగో మనిషి దొరక్కపోతే వాకిట్లోంచి ఓ గులకరాయి ఏరి చేతిలో పెట్టేది. "ఇప్పుడు నలుగురయ్యారు, వెళ్ళిరండి." రాయి మాట్లాడదు, అలగదు, భోజనం అడగదు. లెక్కకి మాత్రం సరిపోతుంది.

ఈ శాస్త్రాన్ని ఇంత నిష్ఠగా పాటించేవాళ్ళు అమెరికాలో ఒకరున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళే ఇండిపెండెంట్ బేస్‌బాల్ లీగులు నడిపే పెద్దమనుషులు. మేజర్ లీగులో ముప్పై జట్లు, ఆ జట్లు కుర్రాళ్ళని తయారు చేసుకోడానికి పోషించే చిన్న జట్లు, అదంతా ఒక కుటుంబం. ఆ కుటుంబంతో బంధుత్వం లేకుండా, సొంత డబ్బుతో, చిన్నచిన్న ఊళ్ళలో వృత్తి ఆటగాళ్ళని పెట్టి ఆడించేవి ఇండిపెండెంట్ లీగులు. అట్లాంటిక్, ఫ్రాంటియర్, అమెరికన్ అసోసియేషన్, ఇలా. వీళ్ళని చూసి నవ్వేవాళ్ళున్నారు. నేను నవ్వను. వీళ్ళు ఆడించేది బేస్‌బాలే అయినా, ఆడేది అంకగణితం. ఆ ఆటలో వీళ్ళకి ఒకే ఒక్క శత్రువు: బేసి సంఖ్య.

క్రికెట్‌కి అలవాటు పడినవాళ్ళకి ఈ గండం అంత తొందరగా అర్థం కాదు. బేస్‌బాల్ దాదాపు రోజూ ఆడాలి. ఒక ఊళ్ళో మూడు రోజులు, రాత్రికి రాత్రి బస్సెక్కి ఇంకో ఊళ్ళో మూడు రోజులు, ఎండాకాలమంతా ఇదే వరస. జట్లు ఎనిమిదుంటే నాలుగు జంటలు. ఏడుంటే ఒకటి రోజూ ఖాళీ. ఖాళీగా కూర్చున్న జట్టు టికెట్టు అమ్మలేదు, బీరు అమ్మలేదు. దాని ఆటగాళ్ళు మాత్రం మూడు పూటలా తింటారు. కాబట్టి శీతాకాలంలో ఏదో ఒక ఊరి జట్టు మూతపడిందంటే లీగు ఆఫీసులో సంతాపం కంటే ముందు కాలిక్యులేటర్ బయటికొస్తుంది.

అట్లాంటిక్ లీగు ఈ చిక్కుకి కనిపెట్టిన మందు అచ్చం మా నాయనమ్మదే. పేరు రోడ్ వారియర్స్. ఆ జట్టుకి ఊరు లేదు, స్టేడియం లేదు, సొంత ప్రేక్షకుడు ఒక్కడూ లేడు. సీజన్ మొత్తం పరాయి ఊళ్ళలోనే ఆట. 2002లో పెన్సిల్వేనియాలో ఒక జట్టు కోసం మొదలైన స్టేడియం పూర్తికాక ఆ జట్టే సంచారజాతి అయిపోయింది. ఆ తర్వాత లెక్క తప్పినప్పుడల్లా అదే పేరుతో రాయిని జేబులోంచి తీస్తూ వచ్చారు. 2017 సీజన్ తర్వాత కనెటికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ జట్టు ఊరు ఖాళీ చేసింది. దాని బదులు రావాల్సిన నార్త్ కరొలైనాలోని హైపాయింట్ 2019కి గానీ తయారు కాదు. మధ్యలో 2018కి? రోడ్ వారియర్స్! తమతో పోటీపడే జట్టుని తామే పోషించి, తామే ఓడించి, ఆ గెలుపుని పట్టికలో రాసుకోవడం మామూలు వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. మన దగ్గర ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థిని నిలబెట్టేవాళ్ళు కూడా ఐదేళ్ళకి ఒకసారే ఆ పని చేస్తారు.

ఫ్రాంటియర్ లీగు ఇంకో మెట్టెక్కింది. 2022లో పదహారో కుర్చీ నింపడానికి ఎంపైర్ స్టేట్ గ్రేస్ అనే సంచార జట్టుని దించింది. 96 ఆటల్లో 90 ఓడిపోయారు. ఆ ఆరు గెలుపుల గురించే నా బెంగ. రాయి చేతిలో ఓడిపోయి ఇంటికెళ్ళిన జట్టు పెళ్ళాం పిల్లల మొహం ఎలా చూసిందో!

ఈ విద్యకి శిఖరం మాత్రం 2019 అక్టోబరు. అప్పటికి ఫ్రాంటియర్ లీగులో ఒక జట్టు రాలిపోయి తొమ్మిది మిగిలాయి. పక్కనే క్యాన్-యామ్ (కెనడా, అమెరికా జట్ల) లీగులో కలవడానికి ముందుకొచ్చినవి ఐదు. తొమ్మిది బేసి, ఐదు బేసి. రెండు గండాలూ కలిపితే పద్నాలుగు, శుభం! రెండు లీగుల విలీనమని పత్రికలు రాశాయి. నేనైతే జాతకాలు కుదిరాయంటాను. ముహూర్తం మాత్రం 2020కి పెట్టుకున్నారు. కరోనా వచ్చి ఆ ఏడు ఒక్క ఆటా ఆడలేదు. దానికి గణితం ఏం చేస్తుంది?

విడిపోవడంలోనూ వీళ్ళు పద్ధతి తప్పరు. 1993లో మైల్స్ వుల్ఫ్ అనే ఆయన నార్దర్న్ లీగుని బతికించి, ఈ కాలపు ఇండిపెండెంట్ బేస్‌బాల్‌కి పునాది వేశాడు. 2005లో ఆ లీగులోంచి నాలుగు జట్లు లేచిపోయి అమెరికన్ అసోసియేషన్‌లో తేలాయి. ఆ కొత్త కుంపటికి కమిషనర్ ఎవరయ్యా అంటే మళ్ళీ మైల్స్ వుల్ఫే. 2010లో ఇంకో నాలుగు అదే దారి పట్టాయి. దాంతో నార్దర్న్ లీగు పని అయిపోయింది. తాను నాటిన చెట్టుని తన రెండో తోటకి ఎరువుగా వేసుకున్నాడని నేననను. వెళ్ళినవాళ్ళు రెండుసార్లూ సరి సంఖ్యలోనే వెళ్ళారు. మర్యాదస్తులు!

కమిషనర్ అనే పదవి గురించి ఇక్కడో మాట. జట్ల యజమానులందరూ కలిసి ఒకాయన్ని జీతానికి పెట్టుకుని, తమని అదుపులో పెట్టమంటారు. ఆయన ఆ పని నిజంగానే చేస్తే వచ్చే ఏడు ఇంకొకాయన్ని పెట్టుకుంటారు. మన అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీని తలుచుకుంటే చాలు, ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ఇక ఈ పెద్దల వ్యాపార దక్షత. 1996లో మినియాపోలిస్ లూన్స్ అనే జట్టు కెర్రీ లిగ్టెన్‌బర్గ్ అనే బౌలర్ని (పిచర్ అనాలి, అలవాటు పోదు) అట్లాంటా బ్రేవ్స్‌కి అమ్మింది. ధర? కొన్ని డజన్ల బంతులు, రెండు డజన్ల బ్యాట్లు. రెండేళ్ళు తిరిగేసరికి అతను మేజర్ లీగులో ఒకే సీజన్లో అట్లాంటా తరఫున 30 ఆటలు చివర్లో కాపాడాడు. మోసపోయారంటారు గిట్టనివాళ్ళు. ఆటగాళ్ళుండి బంతుల్లేని లీగులో దేనికి గిరాకీ ఎక్కువో ఆలోచించారా?

వీళ్ళ అనుభవాన్నీ తక్కువ చెయ్యకూడదు. సెయింట్ పాల్ సెయింట్స్ జట్టుని నడిపిన మైక్ వెక్, 1979లో షికాగోలో రెండు ఆటల మధ్య డిస్కో రికార్డులు పేల్పించే సరదా ఏర్పాటు చేసినాయన. జనం గ్రౌండులోకి దూకారు. రెండో ఆట జరగనే లేదు. సొంత షికాగో జట్టు ఆడకుండానే ఓడిపోయింది. ఇంతటి అనుభవజ్ఞుడు సెయింట్ పాల్‌కి వచ్చి అంపైర్‌కి బంతులు అందించడానికి పందిపిల్లని పెట్టాడు. జనం విరగబడ్డారు. ప్రతి ఏడూ కొత్త పందిపిల్ల వస్తుంది. సీజన్ అయ్యాక పాతదానికి సెలవు. ఆటగాళ్ళ సర్వీసు నిబంధనలూ దాదాపు ఇవే.

స్టేడియం కట్టేది మాత్రం ఎక్కువగా ఊరి జనమే. న్యూయార్క్ రాష్ట్రంలో రామాపో అనే టౌన్‌లో స్టేడియం అప్పుకి హామీ ఉండాలా వద్దా అని 2010లో ఓటింగ్ పెడితే పదిమందిలో ఏడుగురు వద్దన్నారు. 2011లో స్టేడియం తెరిచారు. టౌన్ లెక్కల విషయంలో మదుపరులని మోసం చేసినందుకు అక్కడి టౌన్ సూపర్‌వైజర్‌కి 2017లో 30 నెలల జైలు పడింది. లీగు పెద్దలకి దీంతో ఏ సంబంధమూ లేదు, వాళ్ళు వచ్చి ఆడారంతే. న్యూజెర్సీలో నెవార్క్, కామ్డెన్ ఊళ్ళు కూడా నది ఒడ్డున ముచ్చటగా స్టేడియాలు కట్టుకున్నాయి. ముందు జట్లు పోయాయి, తర్వాత స్టేడియాలు కూలగొట్టారు. అప్పుల కాగితాలు అంత తేలిగ్గా కూలవు.

ఇంతకీ ఈ "ఇండిపెండెంట్" అనే మాట. 2020లో మేజర్ లీగు మూడు లీగులని పిలిచి "పార్ట్‌నర్ లీగ్" అని బిరుదిచ్చింది. స్వాతంత్ర్యం అమ్ముకున్నారని కొందరు వాపోయారు. కొనేవాడు దొరికాడన్న సంతోషం వాళ్ళకి కనపడలేదు. అట్లాంటిక్ లీగైతే అంతకు ముందు ఏడాదే పెద్దింటి వంటకి ఉప్పు చూసే ఉద్యోగంలో చేరింది. 2019 జూలైలో పెన్సిల్వేనియాలోని యార్క్‌లో అంపైర్ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, బంతి మంచిదో కాదో యంత్రాన్ని అడిగి చెప్పాడు. పరుగెత్తేవాడు తొక్కే బేస్ పలక వెడల్పు 15 అంగుళాల నుంచి 18 చేసి చూశారు. 2021లో, పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 1893 నుంచి ఎవరూ కదపని 60 అడుగుల 6 అంగుళాల దూరానికి ఒక అడుగు కలిపి పిచర్లని వెనక్కి జరిపారు. బాగోలేదని తర్వాతి ఏడు మళ్ళీ ముందుకి జరిపారు. పిచర్ల భుజాల అభిప్రాయం ఎవరూ అడగలేదు. వెడల్పు పలకలు 2023లో మేజర్ లీగు విస్తట్లో పడ్డాయి. ఉప్పు చూసినవాళ్ళు ఇంకా వంటింట్లోనే ఉన్నారు.

అదే ఊపులో మేజర్ లీగు తన కింది జట్లని 160 నుంచి 120కి కోసేసింది. కోసేస్తూనే సెయింట్ పాల్, సోమర్సెట్, షుగర్ ల్యాండ్ అనే మూడు కలిగిన జట్లని ఇండిపెండెంట్ లీగుల్లోంచి తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. సోమర్సెట్ అంటే న్యూజెర్సీలో మన ఎడిసన్ వాళ్ళకి దగ్గరే, షుగర్ ల్యాండ్ అంటే హ్యూస్టన్ తెలుగువాళ్ళ పక్క వీధి. ఆ ఇంటివాళ్ళు వద్దనుకున్న జట్లని ఇండిపెండెంట్ పెద్దలు కిమ్మనకుండా ఏరుకున్నారు. పోయినవెన్ని, వచ్చినవెన్ని అని మళ్ళీ కాలిక్యులేటర్ తీసే ఉంటారు.

డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో ఎయిర్‌హాగ్స్ అని ఇంకో జట్టుండేది. 2008లో కొత్త స్టేడియంతో మొదలై, 2011లో కప్పు కూడా గెలిచింది. 2018కి వచ్చేసరికి చైనా ఆటగాళ్ళని తెచ్చి ఆడించే స్థితికి చేరి, తర్వాత మూతపడింది. ఆ స్టేడియాన్నే క్రికెట్‌కి మార్చారు. 2023 జూలైలో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. యజమానుల్లో మన హైదరాబాద్ సత్య నాదెళ్ళ ఉన్నాడు, జీఎంఆర్ వాళ్ళున్నారు. గ్యాలరీలో తెలుగు కేకలకి లోటు లేదు. పాత ఎయిర్‌హాగ్స్ గడ్డ మీద తెల్ల బంతి దొర్లుతుంటే నేను స్కోరు చూడలేదు, జట్లు లెక్కపెట్టుకున్నాను. ఆరు. రాయి అవసరం ఇంకా రాలేదు.